కుడి రాడ్డు

షెడ్డులో స్టాండ్ల మీద ఎక్కించిన, రెండో ప్రపంచ యుద్ధానికి ముందునాటి కారు కింద తమ్ముడు వెల్లకిలా పడుకున్నాడు. తండ్రి పోయాక దాన్ని ముట్టుకోవడం ఇదే మొదలు. అక్క పక్కన కూర్చుని స్పానర్లు అందిస్తోంది.

“ఆయిలూ లేదు, పైపులూ లేవు. బ్రేకు తొక్కితే ఈ ఇనప రాడ్లే లాగాలి. ఎలా నడిపారో నాన్న!”

“చక్రానికో రాడ్డురా. అన్నీ సమానంగా బిగించాలి. ఒకవైపు ఎక్కువైతే బండి అటే లాగేస్తుంది.”

“ఆ రోజు ఎడమకి లాగిందనే కదా మొత్తుకున్నాను! ఎవరు విన్నారు? గేటు స్తంభానికి గుద్దానని, పోయేదాకా ఏ బండి తాళమూ నా చేతికివ్వలేదాయన. ఇదీ మళ్లీ షెడ్డు దాటలేదు.”

“ఒరేయ్... ముందురోజు ఎడమ రాడ్డు రెండు చుట్లు బిగించింది నేనే. అంతలో అమ్మ కేకేస్తే వెళ్లిపోయాను. కుడిది మర్చిపోయాను.”

కారు కింద స్పానర్ చప్పుడు ఆగిపోయింది.

“ఇరవై రెండేళ్లకా చెప్పేది, అక్కా?”

“నాన్న నన్ను మళ్లీ షెడ్డులోకి రానివ్వరని అప్పుడు భయం. తర్వాత సిగ్గు. ముందు ఆ కుడిది కూడా రెండు చుట్లు తిప్పు.”

“అక్కర్లేదు.”

“ఏం?”

“రెండూ సమానంగానే ఉన్నాయి. తర్వాత నువ్వు బిగించావా?”

“లేదురా. మళ్లీ దాని జోలికే పోలేదు.”

ఈ కారు కిందికి దూరే మనిషి ఆ ఇంట్లో ఇంకొక్కరే ఉండేవారు. అక్క వంగి కుడి రాడ్డు కేసి చూసింది.

“అయితే తప్పు నాది కాదని ఆయనకి తెలుసు,” అన్నాడు తమ్ముడు, బయటికి రాకుండానే. “తెలిసీ నోరు విప్పలేదు. నీలాగే.”