వెర్నా వినని గొంతు

(విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరి చర్చి, నేలమాళిగ. ఫిబ్రవరి ఆదివారం, ఆరాధన అయిపోయింది. ఇద్దరే ఉన్నారు: ఒకప్పుడు చర్చిలో పాడిన ఎల్మర్, చర్చి మైకులు, ఆరాధన రేడియో ప్రసారం చూసుకునే హార్లాన్.)

"పన్నెండేళ్ళుగా నాకు ఒక్కటే అనుమానం, హార్లాన్. ఇవాళ అడిగేస్తున్నా. అప్పట్లో నా మైకు నువ్వు కట్టేశావా, లేదా?"

"కట్టలేదని ఎన్నిసార్లు చెప్పాలి, ఎల్మర్? కూర్చో. కాఫీ చల్లారిపోతోంది."

"నీ కాఫీ నువ్వే తాగు. పాత మైకుల పెట్టె విప్పాను, ఏదో దొరికింది, రమ్మని ఫోన్ చేసింది నువ్వే కదా? దొరికిందేమిటో చెప్పు."

"చెప్తా. ముందు కూర్చో."

"కూర్చోను! మా ఆవిడ వెర్నా చివరి రెండు చలికాలాలు మంచం దిగలేదు. ఆదివారం పొద్దున్నే తలగడ పక్కన రేడియో పెట్టి, ఇవాళ నేనొక్కణ్ణే పాడే పాట ఉంది, వినవే అని చెప్పి వచ్చేవాణ్ణి. ఇంటికెళ్తే ఏమనేదో తెలుసా?"

"తెలుసు."

"నీకేం తెలుసు! 'ఎవడో సన్నగొంతు కుర్రాడు పాడాడు. నువ్వు గడ్డకట్టిన చెరువు మీద గుడిసెలో చేపలు పడుతూ కూర్చున్నావు కదూ' అనేది. పాడింది నేనేనని బైబిలు మీద చెయ్యేసి చెప్పా. గోడవైపు తిరిగి పడుకునేది."

"ఆ సన్నగొంతు నీదే, ఎల్మర్."

"నాదా? నేను నోరు తెరిస్తే ఈ చర్చి కిటికీలు అదురుతాయిరా!"

"ఇక్కడ అదిరేవి. తీగ దాటేసరికి ఆ అదురు పోయేది. హీటరు పంకా మోత గుర్తుందా? గుయ్‌మని రేడియోలోకి ఎక్కేది. పాస్టరుగారు ప్రతి వారం సణిగేవారు."

"గుర్తుంది. అయితే?"

"దాన్ని ఆపడానికి మగవాళ్ళ మైకు దారిలో ఒక కండెన్సర్ పెట్టా."

"కండెన్సర్ సంగతి నాకు చెప్పకు. మా గరాజులో ఇరవై రేడియోలు బాగుచేసినవాణ్ణి."

"అయినా విను. జల్లెడలాంటిది కదా అది. వేగంగా ఊగే సన్నని శబ్దాన్ని పోనిస్తుంది, మెల్లగా ఊగే మంద్రాన్ని ఆపుతుంది. పాయింట్ వన్ సైజుది పెడితే పంకా మోత ఒక్కటే ఆగాలి. నేను పెట్టింది అందులో పదో వంతుది. మోతతోపాటు నీ గొంతు అడుగుభాగమంతా పోయింది. పైనున్న పీలగొంతు ఒక్కటే వెర్నాకి చేరింది."

"పీలగొంతు."

"మిగతా మగవాళ్ళూ పలచబడ్డారు. కానీ ఆడవాళ్ళ గొంతుల్లో కలిసిపోయారు, ఎవరికీ తెలీలేదు. ఒంటరిగా పాడింది నువ్వొక్కడివే."

"ఒక్కసారి కొలిచి చూడ్డానికి నీకు చేతులు రాలేదా?"

"మోత ఆగింది. పాస్టరుగారు సంతోషించారు. మూత బిగించేశా. తప్పు నాదే."

"తప్పు నాదేనట! ఆమె నన్ను అబద్ధాలకోరు అనుకుంటూనే కన్నుమూసిందిరా! ఆ తర్వాత నేను ఇక్కడ నోరు విప్పలేదు. సమాధి దగ్గరికెళ్ళి చెప్పు ఆ మాట. 'వెర్నా, జల్లెడ సైజు తప్పింది, ఏమనుకోకు' అని చెప్పు!"

"ఎల్మర్..."

"కండెన్సర్ మీద సైజు చెప్పే రంగు పట్టీలుంటాయి కదా, మూడోది చూసుకోలేదా? పసుపైతే పాయింట్ వన్, నారింజైతే పదో వంతు. రేడియో విప్పిన ప్రతివాడికీ తెలుసు. రంగులు తెలియని గుడ్డివాడివా నువ్వు?"

"సరే, గుడ్డివాణ్ణే. ఇక వదిలెయ్. కొత్త పెట్టె వచ్చింది. ఈస్టర్‌కి నువ్వు మళ్ళీ పాడితే..."

"మాట మార్చకు. ఎక్కడ కొన్నావు దాన్ని? ఏ కొట్టువాడు అంటగట్టాడు?"

"కొనలేదు. మంచు తుఫానుకి కొట్లన్నీ మూసేశారు. అరువు తెచ్చా."

"ఎవరి దగ్గర?"

"ఎవరైతే ఏం? మంచి మనసుతోనే ఇచ్చాడు."

"పేరు చెప్పు. ఇప్పుడే వెళ్ళి వాడి తలుపు బద్దలుకొడతా."

"వద్దు. నన్నే తిట్టుకో. ఇంకో పన్నెండేళ్ళు తిట్టు, పడతా."

"పేరు!"

"నీకు చెప్పాలనే పిలిచా. తీరా నువ్వొచ్చాక నోరు రావట్లేదు."

"ఆ పిడికిట్లో ఏముంది? అదేనా? ఇటివ్వు. ఇవ్వరా!"

"తీసుకో. అరువు తెచ్చింది ఎప్పటికైనా తిరిగిచ్చెయ్యాలి కదా."

"గోధుమ, నలుపు, పసుపు. పసుపే కదరా ఇది! మళ్ళీ అబద్ధమా?"

"కిటికీ దగ్గర వెలుగులో చూడు. అది నారింజ, ఎల్మర్."

"పసుపు! నాకు కళ్ళు లేవా? ఇదేమిటి, వెనకాల కాగితం అతికించి ఉంది?"

"చదువు."

"'పాయింట్ వన్. చూసే ఇచ్చాను. పని అయ్యాక తిరిగివ్వు.' ... హార్లాన్. ఇది నా చేతిరాత."