గాలిమరల దారిలో నల్లమూట

"మామ్మా, గాలిమరల ఆటకెళ్ళిన రోజు గేటు దగ్గిర ఏటి జరిగిందో మా అమ్మమ్మ సెప్పట్లేదు. నువ్వైనా సెప్పు."

ఎలా సెప్తాది? పుట్టిన కాడ్నించి ఆగని నోరు ఆ ఒక్క రోజే ఆగింది. ముందు ఆ కిటికీ ఎయ్యి. కింద వాటాలోకి కొత్తోళ్ళు దిగినారు, ఎవుళో ఏటో. ఫోన్లో రికార్డు సేస్తన్నావా? సేసుకో గానీ ఎవుళికీ పంపకు. నా మీద ఒట్టెయ్యి. ఆఁ, ఇప్పుడిను.

మన కుర్రోళ్ళు నేరేటి, గుళ్ళో బజన జట్టు, ఆళ్ళు పెట్టినారు ఆ ఆట. ట్రెజర్ హంటంట. కిందన సముద్రం ఒడ్డుకి ఉప్పు మడుల్లో పాత గాలిమరలు కొన్ని మిగిలినాయి కదా, ఒక్కో మర కాడ ఒక డబ్బా దాసెడతారు. ఎక్కడుందో పొడుపులాగా ఫోనుకి మాట పంపుతారు. అన్నీ ముందు తెచ్చిన బండి గెలిసినట్టు. నానొద్దన్నాను. రోజులు బాగోనప్పుడు దాసుడాటలేటిరా అన్నాను. మా మనవడు సూరి గాడు, ఏడాది నుంచి గడప దాటనోడు, నా కాళ్ళ కాడ కూకుని "మామ్మా, ఒక్క రోజు గాలి పీల్సుకుంటాను" అన్నాడు. ఆడి ఈడు మనవళ్ళున్న ఇల్లు ఏదైనా అంతే కదా ఇప్పుడు. బస్సులోంచి దింపి తీసుకుపోయినారని ఒక కబురు, టీ కొట్లో కూకున్నోణ్ణి తీసుకుపోయినారని ఇంకో కబురు. మిలట్రీవోళ్ళు పట్టుకుపోయి తుపాకిచ్చి నిలబెట్టేస్తన్నారు. అలాటోడు అడిగితే ఏటనీదాన్ని?

ముసిలోళ్ళు ముందు సీట్లో ఉంటే మిలట్రీ గేట్లో ఎక్కువ ఆపరని కుర్రోళ్ళ లెక్క. అందుకు నన్నెక్కించినారు. వేను మీ మావయ్యది కాబట్టి మీ అమ్మమ్మా ఎక్కింది. ఎవుళూ పిలవనేదు దాన్ని. నాకు ఆడబడుసు, నా కంటే పెద్దది, వదినా వదినా అని పిలుస్తాను గానీ నా పెళ్ళి రోజు పదిమందిలో అంది కదా, "ఉప్పు కూలోళ్ళ పిల్లని తెచ్చినాం, కూరలో ఉప్పే నేదు" అని. ఆళ్ళు ఓడరేవోళ్ళంట, రంగూను బోటాటౌంగు రేవులో మూటలు మోసినోళ్ళు. మూటలు మోస్తే మారాజులైపోతారేటి? మొగుడు పోయినాడు, అత్త పోయింది, ఆ మాట పోనేదు.

మా నాయిన ఇండియాలో నౌపడ వేపునుంచి ఈ బర్మాకొచ్చినాడు. అక్కడా ఉప్పే, ఇక్కడా ఉప్పే. ఆ మరల కిందనే నాను పుట్టినాను. ఎదురుబద్దల సాపలు రెక్కలుగా కట్టీవోరు. గాలొస్తే సముద్రం నీళ్ళు సెక్క మెట్ల మీద ఎక్కి మడిలో పడీవి. గాలి ఎక్కువైతే సాపలు దింపాల, నేపోతే మర ఇరిగిపోద్ది. మా అమ్మ అరిస్తే నాను పరిగెట్టీదాన్ని. అప్పుడు ఇరవయ్యైదు ప్యాలు, పైసల్లాటియిలే, ఇస్తే రంగూను ఒడ్డుకి పడవ మీద... అది కాదు, బస్సుకది. పడవకి ఇంకా తక్కువ. ఏటి సెప్తన్నాను?

ఆఁ. ఎళ్ళేటప్పుడు గేటోళ్ళు ఏటీ అన్నేదు. ఒకడు నన్ను సూసి "ఎక్కడికి అఫ్వా" అన్నాడు, ఆళ్ళు మామ్మని అలాగే అంటారు కదా. పుట్టిన సోటు సూసొస్తాను బాబూ అన్నాను. పొమ్మన్నాడు. అదే మమ్మల్ని ముంచింది, దైర్యమొచ్చేసింది. మొదటి మర కాడ ఉత్త గుంజే ఉంది. రెండోదానికి రెక్కల ఎముకలున్నాయి. మూడోది మటుకు ఇంకా తిరుగుతోందే! సాపల బదులు ప్లాస్టిక్ పట్టాలు కట్టినారు. కట్టడం సరిగ్గా నేదులే, ఒక రెక్క వొదులు. సూరి దాని కింద తవ్వి డబ్బా తీసి, సిన్నపిల్లోడిలాగ ఎగిరినాడు. ఏడాది తరవాత ఆడి పళ్ళు సూసినాను.

తిరిగొస్తన్నాం. మిట్టమద్దేనం. పొద్దున్న నేని కాడ కొత్త గేటెట్టేసినారు. ఒకడు కర్రకి అద్దం కట్టుకుని బండి కిందకి సూసినాడు. సూసినోడు సూసినట్టే ఎనక్కి గెంతినాడు. ఇంకేటుంది, కేకలు! దిగండి, సేతులు తల మీదెట్టండి, రోడ్డు మీద కూకోండి. తారు కాలిపోతోంది. బంపరు ఎనకాల నల్లగుడ్డ మూట, దానికి కరెంటు వైరు సుట్టి ఉంది.

సూరి ఫోను లాక్కున్నారు. పోటోలన్నీ మా వోడు ముందే తీసేసినాడు గానీ ఆట మాట తియ్యనేదు. "మూడో మర కాలు కాడ తవ్వు, డబ్బా సేతికి తగుల్తాది, తీసి ఎంటనే ఎళ్ళిపో." ఆటే. కానీ తుపాకి పట్టుకున్నోడు సదివితే ఎలాగుంటాదో సెప్పు.

ఆళ్ళ పెద్దోడు సూరి వేపు సూసి అన్నాడు, "నువ్వు కట్టిందే కదా, నువ్వే ఇప్పు." మిగతావోళ్ళంతా ఇసక బస్తాల ఎనక్కి పోయినారు. ఆడు లేసినాడే. అందులో ఏటుందో ఆడికీ తెలీదు, నాకూ తెలీదు. బండి వేపు నడుస్తన్నాడు.  పక్కన మీ అమ్మమ్మ పెదాలు కదుపుతోంది. తల వొంచి ఇన్నాను.

"దిష్టి మూటే నీలమ్మా. నానే కట్టినాను. గుంటడు ఏడాదికి బయటికొస్తన్నాడని..."

"వైరెందుకు వదినా?"

"మావూలు దారం తెగిపోద్దని."

సూసినావా? మొలతాడు దారంతో కట్టీదాన్ని కరెంటు వైరుతో కడతాదా మనిషి!

లేసినాను. "కూకో ముసిల్దానా" అని అరిసినాడొకడు. సంపితే సంపు అనుకున్నాను. సూరిని పక్కకి నెట్టి బండి కాడ పడుకుని ఆ వైరు ఇప్పినాను. సేతి ఏళ్ళు తెగినాయి. మూట రోడ్డు మీదెట్టి ఇప్పి పరిసినాను. నిమ్మకాయ, ఎండు మిరపకాయలు, బొగ్గు, రాళ్ళుప్పు, ఇంత పటిక ముక్క. పెద్దోడు వొచ్చి ఆ తెల్లటి పటికనే సూస్తన్నాడు, బాంబు మందనుకున్నాడేమో.

"తిను" అన్నాడు.

నాకినాను. నాలిక ముడుసుకుపోయింది. ఉప్పు నోట్లో ఏసుకున్నాను. ఎవుళూ అడక్కుండా మిరపకాయ కూడా కొరికినాను. ఎనకాలెవుడో నవ్వినాడు. పెద్దోడు నవ్వనేదు. దగ్గిరకొచ్చినాక సూసినాను, పెద్దోడేటి, మీసం సరిగ్గా రానేదు. మెళ్ళో తావీదులు, సేతికి దారాలు. సూరి గుర్తింపు కార్డు తీసుకుని పోటో తీసినాడు. ఆడి మొకం పోటో తీసినాడు. నా పని అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు నెమ్మదిగా అడిగినాడు, "ఇదెందుకు కడతారు అఫ్వా?"

"ఆపద రాకుండా బాబూ."

"పని సేస్తాదా?"

ఏటి సెప్పమంటావు? సేస్తాదన్నాను. ఆడు గేటు కర్ర వేపు సూపించి, "అక్కడ కట్టు" అన్నాడు. ఆళ్ళ పక్క గేటు మీద అంతకుముందే ఎవుళో బాంబేసినారంట, తరవాత తెలిసింది. 

కొంగు అంచు సింపి, దారం పేని, అన్నీ మూటగట్టి కట్టినాను. పద్దతిగా కట్టినాను. నాకు వొంకర పని రాదు. సెయ్యాల్సిన దండం కూడా సేసినాను, ఆడు సూస్తన్నాడు కదా. అప్పుడు కార్డిచ్చి "పో" అన్నాడు.

 సూరి వేను కిటికీలోంచి వాంతి సేసుకున్నాడు. మీ అమ్మమ్మ నా సెయ్యి పట్టుకుంది. నాను లాక్కోనేదులే. అలాగని పెళ్ళి నాటి మాట సెల్లిపోద్దేటి? సెల్లదు. ఎళ్ళి సెప్పు.

అడగబోతన్నావు కదా, సూరి ఎక్కడున్నాడని. అడక్కు. ఆ పోటో ఆ గేటోడి ఫోన్లో ఉండిపోయింది. ఆ రోజు నుంచి మా వోడు ఈ ఇంట్లో పడుకోట్లేదు. బళ్ళాగిన సప్పుడైతే నా గుండె కూడా ఆగుతాది.

ఇంకోటుంది, ఎవుళికీ సెప్పనేదు. పొద్దున్నే దీపం ఎట్టినప్పుడు నా మనసు ఆ గేటు కాడికి పోతాది. ఆ దారిలో మన పిల్లల్నే కదా బళ్ళోంచి దింపి పట్టుకుపోతారు. అక్కడ నా సేత్తో కట్టింది ఏలాడుతోంది. అది పని సెయ్యాలని దండం ఎట్టనా, సెయ్యకూడదని ఎట్టనా? ఆ మీసం రానోడూ ఎవుళో తల్లి కన్నోడే... దేవుడికేటీ సెప్పలేక దీపం సూస్తా కూకుంటాను.

సాల్లే. సల్లగుండు తల్లీ. బయం తెలీని రోడ్డు మీద నడిసీ రోజులు నీకు రావాల. లే, పొద్దుండగానే ఇల్లు సేరు, పెద్ద రోడ్డు మీంచి పో. సేరగానే ఫోను కొట్టు. మాటాడక్కర్నేదు. ఒక్క రింగు సాలు. నానిక్కడే కూకునుంటాను, ఫోను ఒళ్ళో ఎట్టుకుని...