బోర్లించిన బోర్డు

ఆ ఫోటోలు ఇక చాలు నాయనా. మూత పెట్టి ఒకటి, మూత తీసి ఒకటి, అడుగు తిప్పి ఇంకొకటి. పెళ్ళిచూపుల్లో కూడా పిల్లని ఇన్ని వైపుల నుంచి చూడరు.

కోప్పడటం లేదు. నా గొంతు ఎప్పుడూ ఇంతే, పైకి లేవదు. అలాగని నవ్వేసి వెళ్ళిపోదామనుకోకండి.

ఇందాక ఆ స్తంభం చాటున తెలుగులో ఫోన్ మాట్లాడింది మీరే కదూ? "ముందు ఫోటోలు పంపేస్తాను, మిగతా సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు. నాకు మసకబారినవి కళ్ళే, చెవులు కాదు.

నేనా? ఈ పెట్టె చేసిన పిల్లకి పెద్దమ్మని. కెనడా వచ్చి, ఇక్కడ మిస్సిసాగాలో మా ఇంట్లో ఉండే చదువుకుంది. పొద్దుటి నుంచి ఇక్కడే నిలబడి ఉంటే, వెళ్ళి నాలుగు మెతుకులు తిని రమ్మని బలవంతంగా పంపాను. అంతవరకూ కాపలా నాది.

పోపుల పెట్టే, ఇంకేం. కాకపోతే ప్రతి గిన్నెకీ దాని మూత ఉంది చూడండి. వేలితో తడమండి. ఆవాలకి సన్న చుక్కలు, మెంతులకి పలకలు, ఎండుమిర్చికి వంపు గీత. నా కోసం చేసింది. నా కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఒక శనివారం స్వామికి పులిహోర కలుపుతూ, శనగపప్పనుకుని మెంతులు గుప్పెడు వేశాను. స్వామి ఏమీ అనలేదు గానీ మా అబ్బాయి అన్నాడు. ఆ మాట ఈ పిల్ల మనసులో పెట్టుకుంది. చలికాలమంతా ఈ మూతల మీదే కూర్చుంది.

హాలంతా చూడండి, సగం మంది మన పిల్లలే. కాఫీ షాపుల్లో, గోడౌన్లలో పని చేసుకుంటూ చదివినవాళ్ళే. చదువైన పిల్లలు చేసినవి ఇలా ప్రదర్శనకి పెడితే కంపెనీలవాళ్ళు వస్తారు, చూస్తారు, నచ్చితే పిలుస్తారు అని కాలేజీవాళ్ళు అన్నారు. డిజైన్ ఉద్యోగం ఒకటి పడితే ఈ దేశంలో ఉండిపోయే పీఆర్‌కి దారి దొరుకుతుంది దీనికి. పడకపోతే వర్క్ పర్మిట్ అయిపోయేదాకా ఆ కాఫీ కౌంటరే, ఆ తర్వాత సామాను సర్దుకోవడమే. అందుకే అడుగుతున్నాను, ఆ ఫోటోలు ఎవరికి?

మా మామగారు మగ్గం నేసేవారు. అంచులో చిలకముక్కు వంపు ఒకటి ఆయనే కల్పించారు. ఒక షావుకారు వచ్చి, "పట్నంలో ఒక్కసారి చూపించి తెస్తానయ్యా" అని చీర పట్టుకెళ్ళాడు. తెచ్చాడు కూడా, మడత నలగకుండా. దసరా వచ్చేసరికి బజారు నిండా ఆ అంచే. మామగారి పేరు మాత్రం ఎవరి నోటా లేదు. మా ఇంట్లో పిల్లలకి అన్నం కలిపి పెడుతూ ఈ కథ చెప్పేవాళ్ళం. ఇప్పుడు చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

ఏమిటి, ఆ నల్ల చుక్కా? తెరిచే చోటుకి గుర్తా అంటారా? అయ్యో, డిజైన్ కాదు నాయనా, కాటుక. పొద్దున దీపం పెట్టుకుని నేనే పెట్టాను. ఇంతమంది చూసే వస్తువుకి దిష్టి చుక్క లేకుండా ఎలా? పిల్లకి తెలియదు. మీరు చెప్పకండి.

పిల్ల పేరా? మీ పేరు చెప్పకుండా దాని పేరెందుకు? మెడలో ఆ కార్డు తిరగబడి ఉంది, ముందు అది ఇటు తిప్పండి.

గోపీకృష్ణ. ఊఁ. కిచెనర్ ఊళ్ళో కంపెనీ. వంటింటి సామాన్లా?

ఉండండి. ఈ కార్డు నీలం తాడు ఇందాక కూడా చూశాను, పిల్ల తినడానికి వెళ్ళాక. తెల్లావిడ, పొట్టి జుట్టు. ఈ మూతలు కళ్ళు మూసుకుని తడిమింది. ఎక్కువసేపే తడిమింది. మీ మేడమా ఆవిడ?

పిల్ల పేరు, నంబరు ఉన్న కార్డు అడిగిందండీ. ఆవిడ కార్డు ఇవ్వకుండా పిల్లది అడిగితే ఏమనుకోను? కార్డ్స్ ఫినిష్ అన్నాను.

అయిపోలేదు.

నా చేతి సంచిలో ఉన్నాయి, ప్రసాదం పొట్లం కింద. కట్ట కట్టినట్టే ఉన్నాయి. దాని పేరున్న బోర్డు కూడా, ఇదిగో, నేనే బోర్లించాను. పెళ్ళికావలసిన పిల్ల, దాని ఫోన్ నంబరు అంతంత అక్షరాల్లో రాసి పెట్టారు. వచ్చేపోయే మగవాళ్ళంతా చూస్తున్నారు. అది అటు వెళ్ళగానే తిప్పేశాను.

అయితే, పేరు దొరక్కనేనా మీరు ఫోటోలు తీసింది? ఎవరు చేశారో కనుక్కోమని ఆవిడే పంపిందా మిమ్మల్ని?

ఇందాక ఫోన్లో మాట్లాడింది మీ ఆఫీసు తెలుగాయనతోనా? ఆవిడ వెళ్ళిపోయిందా. పక్క టేబుల్ అబ్బాయి కార్డు తీసుకుందా. మీకు ఉద్యోగానికి కావలసింది ఒక్కరేనా.

ఆ అబ్బాయి చేసిన కుర్చీ మంచిదే. పొద్దున అందులో కూర్చుని కాసేపు నడుం వాల్చాను కూడా. వాడిని ఏమీ అనను.

ఒక్కసారి ఫోన్ చేయండి నాయనా. కారులో ఉంటే ఉండనీయండి, 401 హైవే మీద ఈ వేళప్పుడు ఎవరూ కదలరు, ఎత్తుతుంది. ఒక ముసలావిడ చాదస్తం అని చెప్పండి. ఆవిడ భాషలో దానికి ఏ మాటుంటే ఆ మాటే వాడండి, నేనేమీ అనుకోను.

ఆ షావుకారుని ముప్పై ఏళ్ళుగా తిడుతున్నాను. వాడు మామగారి పేరు చెప్పలేదు. నేను దీని పేరు చేత్తో పట్టుకుని బోర్లించాను. వాడికైనా లాభం ఉంది.

అదిగో, మెట్లెక్కి వస్తోంది. చేతిలో నాకోసం టీ కూడా తెస్తోంది. మీ మొహం అలా పెట్టకండి, నేనే చెప్తాను దానికి.

ఇదిగో, బోర్డు తిప్పాను. చదవండి. కాస్త పైకి చదవండి, నాకు వినపడాలి.

అవును. నిఖిల. ఆవిడ ఫోన్ మోగుతోందా మరి? ఆవిడ ఎత్తితే ముందు ఆ పేరు చెప్పండి. ఎత్తకపోతే, ఇక మా ఇంట్లో ఆ షావుకారు కథ చెప్పే మొహం నాకు లేదు.