తేనె పాటల గ్రూపు

వనపర్తిలో ఓ కాలేజీ ల్యాబు. బల్మూరు అడవి పల్లెలు తిరిగి తేనె తీసేటప్పుడు పాడే పాటలు రికార్డు చేసుకొచ్చిన ఆమె కంప్యూటర్ ముందు నీరసంగా కూర్చుంది. పక్కన సర్వర్ చూసుకునే కుర్రాడు.

"తమ్మీ, పాటలన్నీ సర్వర్ల కొత్త టీమ్ గ్రూపుకు మార్చమన్నడు ప్రాజెక్టు సార్. కమాండ్ కొడితే ఒప్పుకుంటలేదు. ఫైళ్లు నావే గద?"

"నీవే అక్కా. కానీ నువ్వున్న గ్రూపుకే సర్వర్ మార్చనిస్తది. కొత్త గ్రూపుల నువ్వు లేవు."

"జర నన్ను అందుల ఎక్కియ్యి. మార్చినంక తీసెయ్యి."

"సార్ చెప్పాలె."

"సారే గద పొద్దుగాల నన్ను టీమ్లకెల్లి తీసేసింది!"

"ఊకో అక్కా. అడ్మిన్ లాగిన్ల నేనే మారుస్త."

"మార్చు. కొట్లాడే ఓపిక లేదు నాకు."

కుర్రాడు కమాండ్ కొట్టాడు. తెర మీద ఫైళ్ల వరుస వచ్చింది. ఆమె కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగింది.

"నా పేరు ఇంకా కనిపిస్తుందేంది?"

"గ్రూపే మారింది. ఓనర్ నువ్వే."

"రేపు అదీ తీసెయ్యమంటడు."

"దానికి వేరే కమాండ్ కొట్టాలె."

"నీకు రాదా?"

"ఎందుకు రాదక్కా? సార్ అడిగితే మాత్రం తెల్వదని చెప్త."