మొటిమల మాత్రలు

స్కాన్ గదిలోంచి వచ్చిన చెల్లెలు, బయట బెంచీ మీదున్న అక్క పక్కన కూలబడింది.

"బిడ్డ గుండెలో లోపం ఉందటక్కా. ఏమైనా మందులు వాడావా అని అడిగింది డాక్టరమ్మ."

"ఏం చెప్పావే?"

"జలుబు చేసినా మాత్ర వేసుకోలేదన్నాను."

"పెళ్లికి ముందు నేనిచ్చిన మొటిమల మాత్రల సంగతో?"

"అవి మందులా? మొహం నున్నబడిందని మళ్లీ కొనుక్కున్నా. నిన్న కూడా వేసుకున్నా."

అక్క గబుక్కున ఆమె వైపు తిరిగింది. "కడుపుతో ఉన్నవాళ్లు వాటిని ముట్టుకోకూడదే. లోపల బిడ్డకు దెబ్బట."

"నీకు తెలుసా?"

"నాకు రాసిచ్చినప్పుడే గట్టిగా చెప్పారు. పెళ్లి కానిదాన్ని, నాకెందుకులే అని నవ్వేశాను. నీకిచ్చేటప్పుడు ఆ మాటే గుర్తు రాలేదు."

చెల్లెలు తిట్టలేదు. అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పోనీ, ఇవాళ్టి నుంచి మానేస్తాను. సర్దుకుంటుంది కదక్కా?"

మచ్చలేని ఆ చెంప వంక చూడలేక అక్క తల దించుకుంది.