తిప్పే మిషన్

సారాయి నిషేధమైన కువైట్‌లో, వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న కఫీల్ తన కబ్ద్ తోటలో పొంగే ద్రాక్షసారాయిని దొంగచాటుగా చేయిస్తున్నాడు. మడ్డి మూతి దగ్గరికి దిగాలని గంగులయ్య, బుడేన్ సాహెబ్ రోజూ సీసాలను చేత్తో తిప్పేవాళ్లు. ఒక సీసా పేలి గంగులయ్య కళ్లలో గాజు దిగింది. కట్టుతో మంచం పట్టాడు.

"షెడ్డులో ఏందిబ్బా ఆ చప్పుడు, బుడేనూ?"

"మిషన్ తెప్పించినాడన్నా. సీసాలన్నీ ఇనుప బోనులో పెడితే మోటారే తిప్పతాది."

"నన్ను ఆస్పత్రికి తీసకపోకుంటే సీసాలు ముట్టనని మొండికేస్తివే?"

"అందుకే తెప్పించినాడు. ఆస్పత్రికి పోతే సారాయి సంగతి బయటపడతాదంట. రేపు నిన్ను ఊరికి పొయ్యే ఇమానం ఎక్కిస్తాడు."

గంగులయ్య తడుముకుంటూ బుడేన్ సాహెబ్ చెయ్యి పట్టుకున్నాడు.

"పోనీలేప్పా. నీ కండ్లన్నా నిలుస్తాయి."