పక్కన కూర్చునే పిల్ల

సాయంత్రం ఆరు. తల్లి వంటింట్లో గిన్నెలు తోముతోంది. తొమ్మిదో తరగతి చదివే కూతురు ఒక్కొక్కటే అందుకుని తుడుస్తోంది. పొయ్యి పక్కన గట్టు మీద బడి నుంచి వచ్చిన కాగితం ఉంది.

"సంతకం పెట్టనంటే పెట్టను. ఎన్నిసార్లడిగినా అదే మాట."

"పెట్టకపోతే రేపటితో అయిపోతుందమ్మా."

"అయిపోనీ. నడుం దాకా ఉన్న నీ జడ కత్తిరించిన పిల్ల, టర్మంతా మధ్యాహ్నం పూట నీ పక్కన కూర్చుని తింది. అదే శిక్ష అన్నారు, సరేనన్నాను. ఇంకో టర్మ్ పొడిగించడం దేనికి?"

"శిక్ష అనకూడదమ్మా. సరిదిద్దుకోవడం అనాలని కౌన్సెలర్ మేడమ్ చెప్పింది."

"పేరేదైతేనేం. సర్కిల్ అని పేరుపెట్టి గుండ్రంగా కుర్చీలేసి, మనల్నీ వాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, 'నీకు జరిగినదానికి ఏం చేస్తే సరిపోతుందో నువ్వే చెప్పమ్మా' అందావిడ. ఏ పిల్లైనా ఏమంటుంది? ప్రేయర్‌లో అందరి ముందూ క్షమాపణ చెప్పమంటుంది. నువ్వు? 'మధ్యాహ్నం నా పక్కన కూర్చుని తినాలి' అన్నావు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

"నువ్వేమో టీసీ ఇచ్చి పంపెయ్యమన్నావు."

"అన్నాను. మళ్ళీ అంటాను. ఆ గిన్నె అలాగే తడిగా ఉంది."

"తుడిచాను."

"అడుగున చూడు."

"తుడుస్తున్నా."

"అసలు ఏం మాట్లాడుకుంటారే ఇద్దరూ అంతసేపు?"

"మొదటి రెండు వారాలూ ఏం మాట్లాడలేదు. తను అటు తిరిగి తినేది, నేను ఇటు తిరిగి తినేదాన్ని."

"తర్వాత?"

"ఒకరోజు నా డబ్బా మూత రాలేదు. తీసిచ్చింది."

"మూత తీసిస్తే జడ అతుక్కుంటుందా?"

"అతుక్కోదు."

"క్లాసులో ఇంకెవరూ దొరకలేదా నీకు? నలభై మంది ఉన్నారు."

"ఉన్నారు."

"వాళ్ళ పక్కన కూర్చో."

"వాళ్ళ బెంచీలు నిండిపోయాయి."

"ఏడాది నుంచీ నిండే ఉన్నాయా?"

"మనం ఈ ఊరొచ్చేసరికే నిండిపోయాయమ్మా."

"ఏం చెయ్యమంటావు? ఉద్యోగం ఇక్కడ ఇచ్చారు, వచ్చాం. నేను మాత్రం ఎవరితో మాట్లాడుతున్నాను? ల్యాబ్‌లో రోజుకి డెబ్భై మంది చేతులు పట్టుకుని రక్తం తీస్తాను. పిడికిలి బిగించండి, వదలండి. ఆ రెండు మాటలే. మూడో మాట ఇంటికొచ్చి నీతో మాట్లాడాలి."

"మాట్లాడుతున్నావుగా."

"ఇటు చూడు. పొద్దుట్నుంచి ఏం తినలేదని ఒట్టేసి, టీ తాగొచ్చేవాళ్ళని ముఖం చూసి పట్టేస్తాను నేను. ఏం దాస్తున్నావు? ఆ నిచ్చెన బెదిరిస్తోందా?"

"నిచ్చెన అనకు."

"పొడుగ్గా ఉంటుందని క్లాసంతా అదే అంటారని నువ్వే చెప్పావు."

"నేను మానేశాను."

"ఓహో. బెదిరిస్తోందా అని అడిగాను."

"లేదు."

"పొడిగించమని తను అడిగిందా?"

"లేదు. నేనే అడిగాను. నా బాధ ఇంకా తీరలేదని రేపు సర్కిల్‌లో చెబితే పొడిగిస్తారట. నీ సంతకం కావాలట."

"పొడిగిస్తే ఆ పిల్లకేమవుతుంది?"

"ఏం కాదు."

"ముఖం చూసి చెప్పు."

"తప్పు చేసినవాళ్ళ పేర్లు రాసే ఎర్ర రిజిస్టర్లో తన పేరు అలాగే ఉంటుంది. ఉన్నన్నాళ్ళూ వాలీబాల్ టీమ్‌లోకి తీసుకోరు."

"ఇంతకీ తీరలేదా నీ బాధ?"

"ఆ గరిటె ఇటివ్వు."

"తీరలేదా అంటున్నాను."

"నాకే బాధా లేదమ్మా."

"లేకపోతే ఆ రోజంతా ఎందుకేడ్చావు?"

"జడ పోయిందని."

"అదే కదా నేననేది."

"అమ్మా, కత్తెర ముందు నా చేతిలో ఉంది."

"ఏమిటీ?"

"కుట్టు క్లాసు గదిలో ఎవరూ లేరు. క్లాసులో వాళ్ళందరికీ మెడ దాకానే ఉంటుంది కదా జుట్టు. నాకూ అలా ఉంటే పక్కన కూర్చోమని పిలుస్తారేమో అనిపించింది. నిన్నడిగితే ఒప్పుకోవని... జడ ఒక్కసారికి తెగదమ్మా. నాలుగైదుసార్లు నొక్కితేగానీ తెగలేదు."

"కుళాయి కట్టెయ్యి."

"కట్టేశాను."

"ఊఁ. చెప్పు."

"అద్దంలో చూసుకుంటే ఒకవైపు చెవి దాకా, ఒకవైపు భుజం దాకా ఉంది. ఏడుపొచ్చేసింది. అప్పుడు తనొచ్చింది, నీళ్ళ సీసా మర్చిపోయిందట. 'ఏడవకు, సమానం చేస్తానుండు' అని కత్తెర తీసుకుంది. రెండుసార్లు కత్తిరించిందో లేదో, కుట్టు టీచరొచ్చింది."

"వచ్చి?"

"'ఇదేనా ఈ పని చేసింది?' అని నన్నడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"కాదని అనలేదా?"

"ఏమీ అనలేదమ్మా. నీ ముఖం గుర్తొచ్చింది."

"నేనేం చేస్తాననుకున్నావే? కొడతాననా?"

"కొట్టవు. రోజూ పొద్దున్న దువ్వేటప్పుడే కదా నువ్వు తొందర లేకుండా మాట్లాడేది. ఆ పది నిమిషాలూ నేనే కోసేశానని తెలిస్తే..."

"అలా అనుకున్నావా."

"ఊఁ."

"మరి ఆ పిల్ల చెయ్యని పనికి ఎందుకు ఒప్పుకుంది?"

"తప్పు ఒప్పుకుంటేనే సర్కిల్. లేకపోతే హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి పంపుతారు. అక్కడికెళ్తే టీసీయే. మూడు రోజులు కాదు కాదు అంది. నాలుగో రోజు ఒప్పుకుంది."

"ఆ మూడు రోజులూ నువ్వు?"

"జ్వరమని ఇంట్లో ఉన్నాను."

"నేనే కదా తడిగుడ్డ వేసింది."

"జ్వరం నిజంగానే వచ్చిందమ్మా."

"ఎందుకిలా చేశావని నిన్నెప్పుడూ అడగలేదా ఆ పిల్ల?"

"ఒక్కసారి కూడా అడగలేదు. అడుగుతుందేమోనని రోజూ భయపడుతూనే తిన్నాను. అయినా మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని."

"నా ఫోన్ ఇటివ్వు."

"ఎవరికి?"

"వాళ్ళమ్మకి. నంబరు సర్కిల్ రోజే తీసుకున్నాను, ఇంటికెళ్ళి తీరిగ్గా తిడదామని."

"రేపు సర్కిల్‌లో నేనే చెప్తానమ్మా."

"రేపు నువ్వు చెప్పాలి. ఇవాళ నేను చెప్పాలి. ఆవిడ పెంపకాన్ని నలుగురిలో అన్నది నేను."

"చెబితే నా పక్కన ఎవరూ కూర్చోరు."

"కూర్చోరు."

"ఎప్పటికీనా?"

"ఏమోనే. అబద్ధం చెప్పలేను నీతో. కూర్చోకపోవచ్చు. ఫోనివ్వు."

"స్పీకర్ పెట్టు."

"నువ్వు వినలేవు."

"వింటాను. పెట్టు."

అవతల చాలాసేపు మోగాక ఎత్తారు.

"హలో, ఎవరండీ?"

"నేనండీ. బడిలో... జడ తెగిన అమ్మాయి తల్లిని."

"అయ్యో. మళ్ళీ ఏం చేసిందండీ మా పిల్ల?"

"ఏం చెయ్యలేదండీ. అప్పుడు కూడా ఏం చెయ్యలేదట. అది చెబుదామనే చేశాను."

"అర్థం కాలేదండీ."

"జడ మా అమ్మాయే కోసుకుంది. మీ అమ్మాయి ఏడవద్దని సరిచెయ్యబోయింది. టీచరడిగితే మాది నోరు విప్పలేదు. ఇంతవరకూ విప్పలేదు, ఇప్పుడే నాతో చెప్పింది. ఆ రోజు నేను మిమ్మల్ని అనరాని మాటలన్నాను."

"ఒక్క నిమిషమండీ, తలుపు వేసొస్తాను."

"వింటున్నారా అండీ?"

"వింటున్నాను."

"తిట్టండి, పడతాను. ఇది కూడా నా పక్కనే ఉంది, వింటోంది."

"తిట్టడానికి నాకు నోరెక్కడుందండీ. మూడు రోజులు 'నేను కాదమ్మా, నేను కాదమ్మా' అని నా వెంటే తిరిగింది. నేనే, 'ఒప్పుకుని బయటపడవే, బడి పోతుంది' అన్నాను. రెండు పూటలు అన్నం పెట్టలేదండీ. అప్పుడు ఒప్పుకుంది."

"అయ్యో తల్లీ."

"ఆ రోజు నుంచి ఇంట్లో మాట్లాడదు. అవునంటే అవును, లేదంటే లేదు, అంతే. స్నేహితురాళ్ళు కూడా దూరం పెట్టారట. మధ్యాహ్నం మీ అమ్మాయితో మాట్లాడేదే మాట."

"రేపు మా అమ్మాయి అందరి ముందూ చెబుతుందండీ. రిజిస్టర్లోంచి పేరు తీయిస్తాను, నేనే దగ్గరుండి తీయిస్తాను. ఇంక మీ అమ్మాయి దీని పక్కన కూర్చోవలసిన పనిలేదు."

"అదే మొన్న అడిగానండీ దాన్ని. 'కన్నతల్లితో మాట్లాడవు, నీకు శిక్ష వేయించినదాని పక్కన కూర్చుని కబుర్లు చెబుతావట, ఏముందే దాని దగ్గర?' అని."

"ఏమంది?"

"'నేను చెయ్యలేదని తెలిసింది దానికొక్కదానికేనమ్మా' అంది. నేనప్పుడు కూడా నమ్మలేదండీ."